డొక్కకీ ధర కట్టండి

మా రోజుల్లో కొబ్బరి చెట్టు మొత్తానికి ధర పలికేది కాయ ఒక్కటే. మిగతాదంతా ఊరికే వచ్చేది. కోనసీమలో పుట్టినవాడు చీపురు కొన్నాడంటే నవ్వేవాళ్లు. రాలిన కమ్మ తెచ్చి, ఆకు చీరేసి, ఈనెలు కట్టకడితే చీపురు. మట్టలు దడికి, అల్లిన ఆకు పెళ్లిపందిరికి, డొక్కలు పొయ్యిలోకి. కూలిన చెట్టు దుంగని పంటబోదె మీద అడ్డంగా పడేస్తే వంతెన. 1996 నవంబరు తుఫానుకి తోటలకి తోటలే నేలకూలాక, మాకు వంతెనలకి మాత్రం లోటు లేకపోయింది!

ఇప్పుడో? హైదరాబాదులో ఉన్న మా మనవడు పూలకుండీల కోసం అయిదు కిలోల ఇటుకొకటి తెప్పించాడు. "కోకోపీట్, తాతయ్యా" అన్నాడు. నీళ్లు పోశాడు, పొంగింది. చూద్దును కదా, డొక్కలోంచి పీచు తీస్తే రాలే పొట్టు! మిల్లుల పక్కన గుట్టలు పడి, వానొస్తే ఎర్రటి కషాయం కారుతుంటే, ఎవరైనా ఎత్తుకుపోతే దండం పెడదామనుకునేవాళ్లం. ఇప్పుడు దాన్నే ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, ఇటుకలుగా నొక్కి ఓడలెక్కిస్తున్నారు. మట్టి లేకుండా మొక్కలు పెంచే దేశాలవాళ్లు ఎగబడి కొంటున్నారట.

చిప్ప సంగతి మరీ విడ్డూరం. నీళ్లకాగు కింద పెట్టి తగలేసిన చిప్ప, ఇప్పుడు బొగ్గై, ఆ బొగ్గు ఆవిరిలో మళ్లీ కాలి, వంటింటి ఫిల్టర్‌లో కూర్చుని నీళ్లు శుభ్రం చేస్తోంది. అప్పుడు కాచింది, ఇప్పుడు వడకడుతోంది!

నూనె గురించి అడక్కండి. మాకది తలకి రాసుకునేది. వంటకి వాడితే గుండెకి చేటని పట్నం డాక్టర్లు భయపెట్టారు. ఇప్పుడు "వర్జిన్" అని పేరు పెట్టి, గాజుసీసాలో పోసి, పొద్దున్నే చెంచాడు తాగమనేవాళ్లు తయారయ్యారు. కోరాం ముందు కూర్చుని కొబ్బరి కోరే ఓపిక ఎవరికీ లేదు గానీ, పొడి పొట్లాల్లోనూ, పాలు డబ్బాల్లోనూ కొంటారు. కురిడీ ఒక్కటే పాత పద్ధతి వదల్లేదు. నెలల తరబడి అటక మీద పడుండి, లోపలి నీళ్లన్నీ ఇంకిపోయి, ఊపితే గలగలలాడాకే ఉత్తరాదికి లారీ ఎక్కుతుంది.

ఇన్ని సరుకులు పుట్టాయి, సంతోషమే. మరి తోటకి ఏం ఒరిగింది? దింపు తీసేవాడి కోసం ఊరంతా వెతకాలి. కుర్రాళ్లెవరూ చెట్టెక్కరు, పట్టు జారితే ఏం మిగులుతుందో చూసినవాళ్లు కదా, వాళ్లనీ తప్పుపట్టలేం. ఆకుల అడుగున తెల్లదోమ, పైన మసి. అన్నీ దాటి కాయ రాశిపడ్డాక అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పడిపోయిందంటే, దింపు కూలీ, ఒలుపు కూలీ పోను చేతిలో మిగిలేది అంతంతమాత్రం.

వ్యాపారులు అమ్మేటప్పుడు పీచుకో బిల్లు, పొట్టుకో బిల్లు, చిప్పబొగ్గుకో బిల్లు, నీళ్లకో బిల్లు. మా దగ్గర కొనేటప్పుడు మాత్రం "వెయ్యి కాయలు ఎంత?" అనే ఒక్క లెక్క. అయ్యా, ఆ లెక్కలో డొక్కనీ చిప్పనీ కూడా రాయండి. మా రోజుల్లో ఊరికే ఇచ్చామంటే, అప్పుడు తీసుకున్నవాడు కూడా పొయ్యిలోనే పెట్టుకున్నాడు. మీరు అమ్ముకుంటున్నారు కదండీ!