టకటకలాడితే ఎనక్కి: సటీకా తాత్పర్యం

మూలం: "ఒరే గుంటా! డిస్టిబ్యూటరు కాసింత తిప్పు. టకటకలాడితే ఎనక్కి లాగు. బోల్టు బిగించీ."

అవతారిక: కాశీబుగ్గ షెడ్డులో పెద్దమేస్త్రి కుర్రాడికి చేసే ఉపదేశం ఇది. గ్యాస్ కిట్టు వేయించిన పాత కార్బురేటర్ ఓమ్నీ టెక్కలి దాకా జనంతో వెళ్లొచ్చింది. పికప్ లేదని యజమాని గోల. (జనం ఎందరో వ్యాఖ్యాత లెక్కపెట్టలేదు.) ముందు సీటు ఎత్తితే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. మూలంలో లేనిది రాయనని టీకాకారుడు మల్లినాథసూరి ప్రతిజ్ఞ పూనాడు గానీ, మేస్త్రి మాటకి ఆ నియమం పాటిస్తే పిష్టను దక్కదు.

ప్రతిపదార్థం: తిప్పు = రోటరు తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పు. 'కుడికి' అని కొందరు, 'ఎడమకి' అని కొందరు పాఠాంతరాలు చెబుతారు. వాళ్లు చూసిన ఇంజన్లు వేరు, అంతే. ఎదురు తిప్పితే ప్లగ్గు ముందుగా వెలుగుతుంది, అదే అడ్వాన్స్. కాసింత = రెండు మూడు డిగ్రీలు.

ముందుగా ఎందుకు? మంట అంటుకోగానే సిలిండరంతా ఒక్కసారి మండదు, వ్యవధి కావాలి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకి సెకనులో 50వ వంతు. సెకనులో వెయ్యోవంతు గడిచేలోపు క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిష్టను పైకి చేరకముందే నిప్పు పెట్టాలి.

టకటక = మంట చేరేలోపే మూలనున్న మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమనే చప్పుడు. జీడిపిక్కల బస్తాలు నింపి, పెద్ద గేరులో, తక్కువ స్పీడులో యాక్సిలరేటరు తొక్కితే బాగా వినిపిస్తుంది. హైవే మీద జోరుగా పోతుంటే గాలిహోరులో వినపడదు. చెవిని నమ్ముకున్న శాస్త్రం అక్కడే మోసపోతుంది, పిష్టనుకి చిల్లు పడేదీ అక్కడే. ఎనక్కి, అంటే రోటరు తిరిగే దిక్కుకే, మరీ ఎక్కువ లాగినా చిక్కే: బలం తగ్గి, సైలెన్సరు మానిఫోల్డు వేడెక్కుతుంది.

విశేషం: పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ భారతమూ చెబుతుంది. గ్యాస్ ఓమ్నీ కూడా ద్వ్యర్థి కావ్యమే, కాకపోతే సూరన లేని కావ్యం. గ్యాస్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి ఎక్కువ అడ్వాన్స్‌ని ఓర్చుకుంటుంది. అదే సెట్టింగు మీద స్విచ్చి పెట్రోలుకి మారిస్తే టకటక. పెట్రోలుకి సరిచేస్తే గ్యాస్ మీద నీరసం. అర్థం రెండు, డిస్ట్రిబ్యూటర్ ఒక్కటే. ఈ వ్యాఖ్యాత మతం పెట్రోలు పక్షం: నీరసపు బండి ఇల్లు చేరుతుంది.

ఆక్షేపణ: కిట్టు మార్పు ఆర్సీలో ఎక్కిందా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అదే అడుగుతుంది. వంటింటి సిలిండరు కట్టిన బండికి ఈ టీక వర్తించదు.

బోల్టు బిగించీ = బిగించాక మళ్లీ టైమింగ్ లైటు పట్టు, అని అధ్యాహారం. బిగింపులోనే డిస్ట్రిబ్యూటర్ ఒకటి రెండు డిగ్రీలు జరుగుతుంది. వాక్యూమ్ గొట్టం తీసి, మూతి మూసి, ఐడిల్ తగ్గించి చూడాలి. లేకపోతే లైటులో కనిపించేది అసలు లెక్క కాదు. ఉద్దానం తీరంలో, వజ్రపుకొత్తూరు వైపు తిరిగే బండైతే ఉప్పుగాలికి బిగుసుకున్న ఆ బోల్టు ముందు కదలాలి కదా. దానికి కిరసనాయిలు, సుత్తి, కొంత తిట్టు.

కార్బురేటరు సంగతి ద్వితీయాశ్వాసంలో.