పురుగునూ నేనే, సీతాకోకనూ నేనే

నేను నిమ్మ సీతాకోకచిలుకను. నల్లటి రెక్కల నిండా లేతపసుపు మచ్చలు, వెనక రెక్కల కొసన చెరో ఎర్రబొట్టు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ నాకు పాపిలియో డెమోలియస్ అని పేరు పెట్టాడు. మన నిమ్మతోటల్లో ఆ పేరెవరికీ పట్టదు. అక్కడ నేను ఆకు తినే పురుగును, అంతే.

నా పుట్టిల్లు ఓ పెరట్లోని కరివేపాకు చెట్టు. మా జాతికి రుచి కాళ్ళతోనూ తెలుస్తుంది. అమ్మ ముంగాళ్ళతో లేతాకును తట్టి చూసి, గుడ్డు పెట్టి ఎగిరిపోయింది. పుట్టినప్పుడు నాది అచ్చం పిట్ట రెట్ట వేషం, ఎవరూ నోట పెట్టకుండా. నాలుగోసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా తేలాను. ఎవరైనా కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీసి ఘాటు వాసన వదిలేదాన్ని. దానికి చీమలు జడిశాయి గానీ ఇంటావిడ జడవలేదు. పోపులోకి రెమ్మ తుంచబోయి, "ఛీ, పురుగు!" అంటూ పుల్లతో విదిలించింది. కింది కొమ్మ మీద పడి బతికాను.

నా తోబుట్టువుల్లో చాలామందికి ఆ అదృష్టం లేదు. కొందరిని ట్రైకోగ్రామా అనే నలుసంత పరాన్నజీవి గుడ్డులోనే తినేసింది. కొందరిని పికిలిపిట్ట తన పిల్లల నోట్లో పెట్టింది. ఏడుపొచ్చే మాటే గానీ, ఆ ట్రైకోగ్రామా ఉన్న కార్డులనే మీ రైతులు కొని తెచ్చి చెరకు తోటల్లో కట్టుకుంటారు, తొలిచే పురుగుల గుడ్లను నాశనం చేయడానికి. పెరట్లో దాని వంశం నిలిచేది మా గుడ్ల లాంటి వాటి మీదే.

నడుముకు పట్టుదారం కట్టుకుని ప్యూపాగా నిద్రపోయి, రెక్కలతో లేచాక నా పని పుప్పొడి మోతగా మారింది. నిమ్మపూతకు అసలు కూలీ తేనెటీగే, ఆ గొప్ప నాకొద్దు. రత్నగంధి సంగతి వేరు. దాని కేసరాలు రేకుల్ని దాటి బారుగా బయటికొస్తాయి. తేనె కోసం రెక్కలాడిస్తూ వాలితే పుప్పొడి నా రెక్కల అడుగున పసుపు పూసినట్టు అంటుకుంటుంది. తర్వాతి పువ్వుకు దాన్ని రాసి వస్తాను. ఆ చెట్టుకు కాయలు పడటంలో నా రెక్కల వాటా ఉంది.

2004లో మావాళ్ళు అట్లాంటిక్ అవతల డొమినికన్ రిపబ్లిక్‌లో తేలారు. అక్కడి నిమ్మ, నారింజ తోటలవాళ్ళకు గుబులు పుట్టింది. అందులో అన్యాయమేమీ లేదు. నా మేలు నా ఒక్కదానిది కాదు. నన్ను తినేవాళ్ళు, నేను వాలే పూలు చుట్టూ ఉన్నచోటే నేను అక్కరకొస్తాను. మీరు మందు కొడితే నాతోపాటు నన్ను అదుపులో పెట్టేవాళ్ళూ పోతారు. బ్రిటన్‌లో 1976 నుంచి ఏటా మా బంధువుల్ని లెక్కపెడుతున్నది ఊరికే కాదు. మేం తగ్గామంటే ఆ నేలకేదో తేడా చేసిందని వాళ్ళకు తెలుసు.

నారుమొక్క మీద కనిపిస్తే ఏరి పారేయండి, తప్పనను. ఎదిగిన చెట్టయితే నాలుగు రెమ్మలు మాకొదిలేయండి. ఎలాగూ మళ్ళీ చిగురిస్తాయి. అద్దె కింద రత్నగంధి కాయలు, పికిలి పిల్లలు, ట్రైకోగ్రామా సంతానం మీ పెరట్లోనే జమవుతాయి.