నల్ల నది ఒడ్డున తెల్ల శాస్త్రం

కృష్ణ అన్న మాటకు నలుపు అని అర్థం. ఆ పేరు పెట్టుకున్న నది నీళ్లు తాగి, అది పోసిన ఒండ్రులోనూ నల్లరేగడిలోనూ పండిన బియ్యం తిని బతికే ప్రాంతం కృష్ణా డెల్టా. ద్రౌపదికి కృష్ణ అనే పేరుంది. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని బెజవాడ స్థలపురాణం చెప్పుకునే అర్జునుడి పది పేర్లలోనూ కృష్ణ ఒకటి, తెల్లగా ఉన్నవి అతని గుర్రాలు. ఇంతటి నల్లని వంశవృక్షం ఉన్న నేల మీద, పురిటిగది తలుపు తెరుచుకోగానే బంధువులు వేసే ప్రశ్నల్లో పిల్ల ఆరోగ్యం కంటే పిల్ల రంగు ముందుంటుందంటే, అది విజ్ఞానశాస్త్రం ఇంకా గుర్తించని ఒక ప్రత్యేక శాస్త్రం వల్లనే అయి ఉండాలి. దానికి తెల్లశాస్త్రమని పేరు పెట్టడంలో తప్పులేదు.

ఈ శాస్త్రపు మొదటి సూత్రం గణితానికి సంబంధించినది. చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని మెలనిన్ అంటారు; అది ఎంత ఎక్కువగా ఉంటే చర్మం అంత నల్లగా ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి అంత రక్షణా పొందుతుంది. అయితే పెళ్లిచూపులకు వచ్చిన పెద్దలు అది ఎక్కువగా ఉన్న పిల్లను చూసి “కాస్త రంగు తక్కువ” అంటారు. ఎక్కువను తక్కువగా లెక్కకట్టే ఈ పద్ధతిని వడ్డీ వ్యాపారంలో వాడితే వాళ్లే ఒప్పుకోరు. “నలుపు నారాయణ మెచ్చు” అనే సామెత కూడా వాళ్ల నోటనే వినబడుతుంది గానీ, నారాయణుడు మెచ్చినంత మాత్రాన కట్నం తగ్గదన్నది అందులో పైకి చెప్పని రెండో సగం.

రెండో సూత్రాన్ని వ్యాపారులు కనిపెట్టారు. 1975లో మన దేశపు అంగళ్లకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ చర్మం రంగుకు సంబంధించిన బెంగను గొట్టంలో పెట్టి అమ్మవచ్చునని నిరూపించింది. కొడుకు లేడని వాపోయే తండ్రి, నల్లగా ఉన్నందుకు చిన్నబోయిన కూతురు, ముఖానికి క్రీము, ఆ వెంటనే విమానంలో ఉద్యోగం, తండ్రికి ఖరీదైన హోటల్లో కాఫీ: ఇదీ ఆ క్రీము ప్రకటనల్లో ఒకదాని కథ. మహిళా సంఘం ఐద్వా పట్టువిడవకుండా చేసిన ఫిర్యాదుల ఫలితంగా 2003 నాటికి ఆ ప్రకటన ఆగింది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు తెచ్చి, నల్లని వాళ్లను దిగులుపడుతున్నట్టో వెనకబడినట్టో చూపరాదని చెప్పింది. అంటే పిల్ల నల్లగా ఉండవచ్చు, ఏడవకూడదు. చివరికి 2020లో, ప్రపంచమంతా జాత్యహంకారం మీద చర్చ చెలరేగినప్పుడు, ఆ క్రీము పేరులోని ఫెయిర్ కాస్తా గ్లో అయింది. ఊళ్లో అప్పులు చేసి పారిపోయినవాడు పొరుగూళ్లో పేరు మార్చుకుని దుకాణం తెరవడం డెల్టా ప్రజలకు కొత్త సంగతేమీ కాదు.

ఈ విషయంలో మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగల పనివారు ఎంతో నిజాయితీపరులు. రాగి మీదో ఇత్తడి మీదో పలుచని బంగారు పూత పూసి, అది పూతేనని చెప్పి మరీ అమ్ముతారు. అడుగున ఉన్న లోహాన్ని అవమానించరు. క్రీముల బజారులో ఆ మర్యాద లేదు. అక్కడ కొన్ని గొట్టాల్లో స్టెరాయిడ్లు, అంటే చర్మవాపును తగ్గించడానికి వైద్యులు కొద్ది రోజులకు మాత్రమే రాసే మందులు, కలిసి ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఆపితే మంట పుడుతుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటి పూతమందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది. పొరుగింటి పిన్నిగారి సలహాను చీటీగా పరిగణించవచ్చునా అన్నది ఆ ఉత్తర్వులో లేదు.

దేహభావన అంటే తన ఒంటిని గురించి మనిషి మనసులో గీసుకునే బొమ్మ. విజయవాడ ఆడపిల్ల విషయంలో ఆ బొమ్మ గీసే కుంచె బెంజిసర్కిల్ హోర్డింగుల మీద ఉంటుంది. ర్యాంకు తెచ్చుకున్న రెండు జడల పిల్లలు కళాశాల హోర్డింగు మీద తపాలా బిళ్లలంత గళ్లలో కిక్కిరిసి ఉంటే, ఆ పక్కన నగల దుకాణం హోర్డింగు మీద ముంబై నుంచి దిగిన కథానాయిక నలభై అడుగుల ఎత్తున నవ్వుతుంది. సినిమాలో ఆమె మాట్లాడే తెలుగు తరచుగా మరొకరి గొంతు. చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాట్యం నేర్చి, నిండైన విగ్రహంతోనే మహానటి అనిపించుకున్న సావిత్రి ఇప్పుడు అవకాశం అడిగితే ముందు వ్యాయామశాల చిరునామా చేతిలో పెడతారు. దేవుడికీ మినహాయింపు లేదు: నల్లనయ్యను నల్లగా చూపే ధైర్యం చాలక క్యాలెండర్లూ రంగుల సినిమాలూ ఆయనకు నీలం పూశాయి. నీలమేఘశ్యాముడన్న పాత పోలికను పండితులు సాక్ష్యానికి పిలుస్తారేమో గానీ, వాన మోసుకొచ్చే మేఘం ఏ రంగులో ఉంటుందో డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బొమ్మలు చూస్తే ఏమవుతుంది, ఇదంతా సరదా అనుకునేవారు ఫిజీ దీవుల సంగతి తెలుసుకోవాలి. నిండైన ఒళ్లే అందమని భావించే అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకునే అలవాటు ఆ ఏడాది పరిశీలించిన బడి ఆడపిల్లల్లో ఒక్కరికీ లేదు. 1998లో అది 11.3 శాతం మందిలో కనిపించిందని హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం నమోదు చేసింది. అతిగా తిని, ఆపైన కక్కేసే జబ్బును బులీమియా అంటారు. తానూ దానితో పోరాడినట్టు చెప్పిన యువతి, పసితనంలో కొంతకాలం విజయవాడలో అమ్మమ్మ దగ్గర పెరిగిన నీనా దావులూరి.

2013 సెప్టెంబరు 15న అట్లాంటిక్ సిటీలో నీనా మిస్ అమెరికా కిరీటం అందుకుంది. భారతీయ మూలాలున్న మొదటి విజేత ఆమే. అమెరికాలో కొందరు ఆమె అమెరికన్ కాదని దూషిస్తే, ఆ రంగుతో మన దేశంలో అందాల పోటీ గెలవగలదా అన్న చర్చ ఇక్కడ సాగింది. బెజవాడ మాత్రం తడుముకోకుండా మా అమ్మాయి అంది. కిరీటం పెట్టాక రంగు కనబడకపోవడం తెల్లశాస్త్రంలో మూడో సూత్రం. వర్ణవివక్ష మీద డాక్యుమెంటరీ తీసిన ఆమె, 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తయారుచేసే యూనిలీవర్‌కు బహిరంగలేఖ రాసి ఆ క్రీము అమ్మకం ఆపమంది. ఆగింది పాత పేరు ఒక్కటే.

పెళ్లిసంబంధాల ప్రకటనలిచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి. గింజ గింజకూ లెక్క చూసుకునే ప్రాంతమిది. పత్రికలు మాటల లెక్కనో పంక్తుల లెక్కనో సొమ్ము తీసుకుంటాయి. “తెల్లని” అన్న మాటను కొట్టేయండి, ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది.