దుమ్ము దర్శనం

"మీ వాక్యూమ్ క్లీనర్ ఎలా పనిచేస్తోందండీ?" ఎదురింటాయన గుమ్మంలో నిలబడి అడిగాడు. "మాకూ ఒకటి తెచ్చుకుందామని. సంచీ లేనిదేగా మీది?"

బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్కలో తేల్చేద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు. రెండేళ్ల కాపురం గురించి గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? లోపలికి రమ్మని కుర్చీ వేశాను.

దాన్ని కొన్నది సంక్రాంతి ముందు. ఏటా భోగికి వారం ముందు నుంచీ మా ఇంట్లో బూజుకర్ర రాజ్యం నడుస్తుంది. కర్ర పట్టేది నేను, రాజ్యమేలేది మా అమ్మ. ఆ వెట్టిచాకిరీ తప్పించుకోవడానికి 3,999 రూపాయలు ధారపోశాను. "చీపురైతే వంద రూపాయలు. కరెంటు అక్కర్లేదు, వారంటీ కార్డు దాచక్కర్లేదు" అంది మా ఆవిడ. యంత్రయుగం వాకిట్లోకి వచ్చి నిలబడ్డప్పుడు ఇలాంటి మాటలు వినిపించుకోకూడదని నేను ముందే అనుకున్నాను.

కొట్లో కుర్రాడు "1,600 వాట్లు సార్, పీల్చి పిప్పి చేస్తుంది" అన్నాడు. వాట్లంటే అది తినే తిండే కాని చేసే పని కాదని తర్వాత తెలిసింది. పెళ్లిళ్లలో మూడుసార్లు వడ్డించుకుని, చివర్న కుర్చీలు సర్దమంటే నడుం పట్టుకునే బంధువులుంటారు చూడండి, ఈ యంత్రాల్లో కూడా ఆ బాపతు ఉండొచ్చు. యూరప్ వాళ్లు ఈ తిండిపోతుల సంగతి కనిపెట్టి, 2017 నుంచి ఇళ్లలో వాడే వాటికి 900 వాట్లు మించకూడదన్నారు. మనం చూడాల్సింది పీల్చే బలం. దాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. మా అట్టపెట్టె మీద వాట్లు అరచెయ్యంత అక్షరాల్లో ఉన్నాయి, కిలోపాస్కల్స్ కోసం అమ్మ కళ్లజోడు కావలసివచ్చింది.

"సంచీ లేకపోతే దుమ్ము ఎక్కడ ఆగుతుందండీ?" అన్నాడాయన.

మా ఊళ్లో రైసు మిల్లు ఉండేది. దాని నెత్తిన గరాటులాంటి పెద్ద రేకు డబ్బా. ఊక కలిసిన గాలి పక్కనుంచి అందులో దూరి గిర్రున తిరిగేది. ఊక గోడను రాసుకుంటూ కిందికి జారేది, గాలి మధ్యలోంచి పైకి పోయేది. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ రంపపు మిల్లు దగ్గర అలాంటిదే చూసి, దాన్ని ఇంట్లో ఊడ్చే యంత్రంలో ఇమడ్చడానికి 5,127 నమూనాలు చేశాడు. అవి చేసినన్నాళ్లూ భార్య చిత్రలేఖనం పాఠాలు చెప్పి ఇల్లు నడిపింది. ఆవిడ స్థానంలో నేనుంటే రెండో నమూనాకే పుట్టింటికి ఆటో పిలిపించి ఉండేవాణ్ణి.

లోపల పోగైన దుమ్ము కనబడేలా డబ్బాని గాజులా ఉంచడం కూడా ఆయన చలవే. జనానికి మురికి చూడ్డం ఇష్టముండదని అప్పట్లో చాలామంది చెప్పారట. వాళ్లకి జనం తెలియదు. మొదటిరోజు సోఫా, పరుపు, కర్టెన్లు పట్టించి, నిండిన డబ్బాని హాల్లో టీపాయ్ మీద పెట్టి ఇంటిల్లిపాదినీ దర్శనానికి పిలిచాను.

"ఒరేయ్, ఇన్నాళ్లూ మనం ఇందులోనా పడుకున్నది!" అని అమ్మ ముక్కున వేలేసుకుంది. పనావిడ డబ్బా వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "అంటే నేను ఊడవట్లేదనా అయ్యగారూ?" అంది. ఇంటికి యంత్రం తెచ్చాననే అనుకున్నాను, సాక్షిని తెచ్చానని అప్పుడర్థమైంది. ఆ మర్నాటి నుంచి ఆవిడ పంతానికి ఊడ్చింది. సోఫా జరిపి మరీ ఊడ్చింది. ఆ తర్వాతి ఆదివారం డబ్బాలో అడుగు కూడా నిండలేదు. "చూశారా" అని చీపురు మూలన ఆనించి వెళ్లింది. నిజం చెప్పాలంటే ఈ రెండేళ్లలో మా యంత్రం చేసిన అతి పెద్ద పని అదే.

తర్వాత నేను పరీక్షలకు దిగాను. ఉప్మారవ్వ చల్లాను, పాసైంది. బియ్యం, పాసైంది. తలవెంట్రుకలు బ్రష్షుకి జడలా చుట్టుకున్నాయి, కత్తెర పట్టాల్సివచ్చింది. ఆ ఊపులో భోగినాటి ముగ్గుపిండి మిగిలితే అదీ పెట్టాను. మిల్లులో ఊక కిందపడ్డా మెత్తటి తవుడు గాలితో పోయినట్టు, చవక రకాల్లో ఉండే ఒకే ఒక్క సుడికి మెత్తటి పిండి చిక్కదు. అదంతా వెళ్లి ఫిల్టరుకి సున్నం కొట్టింది. అరనిమిషంలో రంకె కాస్తా ఈలగా మారింది.

మన్నిక సంగతికొస్తే, మోటారు పోతుందేమోనని నేను భయపడ్డాను. మోటారు నిక్షేపంలా ఉంది. ముందు పోయింది డబ్బా మూత గొళ్లెం, గోరంత ప్లాస్టిక్ ముక్క. ఇప్పుడు దాని స్థానంలో రబ్బరు బ్యాండు. తర్వాత వైరు లోపలికి చుట్టుకోవడం మానేసింది. ఆపైన గొట్టం మెడ దగ్గర చీలింది, టేపుతో కట్టు కట్టాం. పదో నెలలో పని మధ్యలో కాలిన వాసన వచ్చి టక్కున ఆగింది. ఇక దినం పెట్టాల్సిందేనని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాను.

ఆయన విప్పి చూసి, "మోటారుకేం కాలేదు సార్. పీల్చే గాలే దీన్ని చల్లబరుస్తుంది. ఊపిరాడక వేడెక్కి దానంతటదే కట్టేసుకుంది. ఫిల్టరు ఎప్పుడు కడిగారు?" అన్నాడు.

"కడగాలా?" అన్నాను.

ఆయన నాకేసి చూసిన చూపు ఏ వారంటీలోనూ రాదు.

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్ముని ఊదేకన్నా పీల్చడమే మేలని రుజువు చేసుకోవడానికి రెస్టారెంటు కుర్చీ మీద జేబురుమాలు పరిచి, దానికి నోరానించి పీల్చాడట. దగ్గు వచ్చింది, రుమాలు మురికైంది, వాక్యూమ్ క్లీనర్ పుట్టింది. ఇన్నేళ్లకీ సారం అంతే. మిగతాదంతా ప్లాస్టిక్, అసలు కథ ఆ రుమాలుది, అంటే ఫిల్టరుది. దాన్ని ఉతికితే యంత్రం బతుకుతుంది. ఉతికాక రోజంతా ఆరనివ్వాలి కూడా. తొందరపడి తడిగా బిగిస్తే ఇల్లంతా వానలో తడిసిన గోనెసంచి వాసన. అదీ అయింది మాకు.

"అయితే కొనొద్దంటారా?" అన్నాడు ఎదురింటాయన నీరసంగా.

లోపలినుంచి మా ఆవిడ అందుకుంది. "అలా ఏం కాదన్నయ్యగారూ. పోయిన శ్రావణంలో నా దిద్దు శీల సోఫా సందులో పడిపోతే, ఆ డబ్బాలో టకటకా కొట్టుకుంటూ కనపడింది. సంచీది అయితే బంగారం చెత్తలో పోయేది." రెండేళ్లలో ఆవిడ దానికిచ్చిన ఏకైక సర్టిఫికెట్ అది. నేను మధ్యలో కదిలితే ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని ఊపిరి బిగబట్టాను.

నేను రెండే ప్రశ్నలడిగాను. "ఆ మోడలుకి విడి ఫిల్టరు దొరుకుతుందేమో కనుక్కున్నారా? మీకు దుమ్ముకి తుమ్ములొస్తాయా?"

"రెండోది దేనికండీ?"

బాల్కనీ తలుపు తీసి చూపించాను. దండెం మీద నీడపట్టున ఫిల్టరు ఆరుతోంది, దాని పక్కనే మూడు జేబురుమాళ్లు. సంచీ ఉన్నదైతే సంచీతో సహా పారేస్తాం. దీని డబ్బా ఎవరో ఒకరు విప్పి దులపాలి కదా. ఆ రుమాళ్లు నావి.