మీదే డైటండీ?

బెజవాడలో ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఇదివరకు ఇల్లాలికి ఒకటే దిగులు, మంచి చేప దొరుకుతుందా లేదా అని. ఇప్పుడు ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి: "అన్నయ్యగారూ, ఇంతకీ మీదే డైటు?" ఆయన డైటు గురువుల్లో వీరమాచనేని వారి బాటలో ఉంటే అన్నం గిన్నె కంటపడకూడదు, నెయ్యి గిన్నె మాత్రం చేతికందాలి. మంతెన వారి బాటైతే ఆ నెయ్యితో పాటు నూనె, ఉప్పు కూడా వంటింటి గడప దాటాలి. ఖాదర్ వలీ గారి బాటైతే రాత్రే అండుకొర్రలు నానబెట్టుకోవాలి. ముగ్గురూ ఒకేరోజు దిగితే హోటలుకి తీసుకెళ్ళడమే శరణ్యం. అక్కడ ముగ్గురూ బిర్యానీయే తింటారు, "ఇవాళొక్కరోజుకేలెండి" అంటూ.

సినిమా పంపిణీదారుల గాంధీనగర్ ఉన్న ఊరు కదా, మనకి హీరో, విలన్ లేనిదే ఏ కథా ఎక్కదు. పోషకాహారం కూడా అంతే. కార్బ్ విలన్, ప్రోటీన్ హీరో. కొవ్వుదే చిత్రమైన పాత్ర. దశాబ్దాలపాటు విలన్ వేషం వేసి, 2017, 18 ప్రాంతంలో ఒక్కసారిగా హీరో అయిపోయింది.

ఆ రోజుల్లో కొబ్బరినూనె తలకి రాసుకునేదన్న సంగతే జనం మర్చిపోయారు. వీరమాచనేని రామకృష్ణ గారి లెక్క ఇది: రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ బిళ్ళలు. బరువు తగ్గినవాళ్ళు తగ్గారు, కాదనను. అన్నం, టిఫిను, స్వీటు, కాఫీలో పంచదార అన్నీ ఒకేసారి ఆపేస్తే తగ్గక ఏమవుతారు? పైగా మొదటి వారంలో పోయేది చాలావరకు నీరే. కానీ లెక్కలు చెప్పేదేమిటంటే, పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకి 4 కేలరీలు, కొవ్వు గ్రాముకి 9. అంటే 100 గ్రాముల కొవ్వు 900 కేలరీలు. అదే మొత్తం అన్నం రూపంలో తినమంటే "అమ్మో, షుగరొస్తుంది" అనే బాబాయిగారు కళ్ళు మూసుకుని కొబ్బరినూనె గ్లాసెత్తి తాగేశారు. కీటో పథ్యం 1921లో అమెరికాలో మూర్ఛరోగుల కోసం పుట్టింది, డాక్టర్ల కనుసన్నల్లో నడిచింది. మన దగ్గర వీడియో కనుసన్నల్లో నడిచింది.

ఇంతకీ మన ఊళ్ళో కార్బ్ అంటే అన్నం ఒక్కటే. ఇడ్లీ, దోసె, పునుగులు టిఫిన్ల కిందికొస్తాయి కాబట్టి వాటి జోలికి ఎవరూ పోరు. నూజివీడు రసాలు పండ్ల కిందికొస్తాయి. బెల్లం సంప్రదాయం కిందికొస్తుంది. పంచదార మానేసి బెల్లం కాఫీ తాగుతూ ఆరోగ్యం గురించి ఉపన్యసించే పెద్దలకి, రెండిట్లోనూ ఉన్నది దాదాపు అదే చక్కెర అని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? కొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ 100 గ్రాముల కొర్రల్లో 60 గ్రాముల పైచిలుకు పిండిపదార్థమే. "ఇది కార్బ్ కాదు వదినా" అని ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే కడుపు సిరిధాన్యమని గౌరవం చూపించదు. నూనె ప్యాకెట్టు మీద "కొలెస్ట్రాల్ లేదు" అని చూసి నిశ్చింతగా రెండు లీటర్లు అదనంగా కొనేవాళ్ళూ ఉన్నారు. వేరుశనగ చేలో కొలెస్ట్రాల్ కాసిన చరిత్ర ఈ దేశంలో లేదు.

అసలు వినోదం తవుడుది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాక డెల్టా అంతా వరిమయమైంది. తర్వాత మిల్లులొచ్చాయి, తెల్లగా ఉంటేనే బియ్యమన్న గౌరవమొచ్చింది. తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోయి, పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు చాలావరకు తప్పించుకున్నాయి, ఎందుకంటే ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆ జబ్బు మీద పరిశోధనకని 1918లో కూనూరులో ఓ చిన్న గదిలో మొదలైన పనే 1958లో హైదరాబాదుకి వచ్చి, చివరికి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే దేశంలో పోషకాహార శాస్త్రానికి పెద్దదిక్కు పుట్టడానికి మన తెల్లన్నం మీది మోజు కూడా ఒక కారణం. గర్వపడదాం.

నేర్చుకున్నామా? తవుడు తీయించి మిల్లుకి వదిలేస్తాం. అది నూనె ఫ్యాక్టరీకి వెళ్ళి, గుండె బొమ్మ ఉన్న ప్యాకెట్టులో రైస్ బ్రాన్ ఆయిల్‌గా తిరిగొస్తుంది, కొంటాం. తవుడుతో పోయిన పీచుకి ఇసబ్గోల్ డబ్బా, పోయిన విటమిన్‌కి బి కాంప్లెక్స్ గోళీలు మందుల షాపులో కొంటాం. ఇంతా చేసి ప్రభుత్వం ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజల్ని నూటికొకటి చొప్పున రేషన్ బియ్యంలో వేస్తే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేశాం. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన విగ్రహానికి దండలేస్తాం, ఆయన మందుని చేటలోంచి ఏరేస్తాం.

ఆ జాతీయ పోషకాహార సంస్థే 2024లో రోజంతటి పళ్ళెం ఎలా ఉండాలో చెప్పింది. 2000 కేలరీలకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరలూ ఆకుకూరలూ 400, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27. ఇందులో నిషేధం లేదు, శపథం లేదు, నలభై రోజుల దీక్ష లేదు. చూడ్డానికి పప్పు, ఆకుకూర, పెరుగున్న మామూలు భోజనంలా ఉంది, అన్నం తగ్గి కూర పెరిగింది, అంతే. ఇలాంటిదానికి అభిమాన సంఘం ఎలా ఏర్పడుతుంది? "నేను ఒక గరిటె అన్నం తగ్గించాను" అని పెళ్ళిలో చెప్పుకుంటే ఎవరైనా చుట్టూ చేరతారా?

సరే, మీకు నచ్చిన గురువుగారి బాటే పట్టండి, కొబ్బరినూనే తాగండి, కొర్రలే తినండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు మాత్రం, అన్నం ఆపినరోజు అదే మోతాదు పడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చని గుర్తుపెట్టుకుని, డైటు మొదలుపెట్టే ముందే ఆ మందు రాసిన డాక్టరుగారికి ఒక మాట చెప్పండి.