ప్రింటర్ పెంపకం

ఇంట్లో పెంచుకునే యంత్రాల్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఒళ్లు చిన్నది, దాహం పెద్దది. మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వాడితే అరుగుతాయి. ఇది వాడకపోతే చెడుతుంది. ఈ ఒక్క గుణం వల్ల దీన్ని సామాన్ల గదిలో కన్నా గొడ్ల చావడిలో లెక్క వేయడమే సబబు. చవకగా వచ్చిందని ఏనుగును ఇంటికి తోలుకొచ్చిన ఆసామికీ, ఆఫర్‌లో ప్రింటర్ కొన్న గృహస్థుకూ తేడా లేదు. మేత కూడా ఏనుగును అమ్మినవాడి దగ్గరే కొనాలన్న సంగతి ఇద్దరికీ రెండో నెలలోనే తెలుస్తుంది.

ఇది ఇల్లు చేరడానికి కారణం సాధారణంగా బడి. వీధి చివరి జిరాక్స్ షాపు రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. పిల్లవాడికి సైన్స్ ప్రాజెక్టు సంగతి పదింటికి గుర్తొస్తుంది. ఆ గంట ఎడంలో ఒక పరిశ్రమ నిలబడి ఉంది.

దీని ప్రాణమంతా హెడ్‌లో ఉంటుంది. హెడ్ నిండా వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు, వాటి పేరు నాజిళ్లు. వాటిలోంచి పడే ఇంకు చుక్కను పికోలీటర్లలో కొలుస్తారు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. బడ్జెట్ ప్రసంగంలో కాక ఆ అంకె సామాన్యుడి ఇంట్లో వినిపించేది ఇక్కడే, ఇక్కడ కూడా ఖర్చు పద్దులోనే. ప్రింటర్లలో జాతులు రెండు. ఒకటి ఇంకును మైక్రోసెకన్లలో సుమారు 300 డిగ్రీలకు కాల్చి, పుట్టిన బుడగతో చుక్కను బయటికి తోస్తుంది. కరెంటు తగలగానే వంగే చిన్న పలకతో ఇంకును పిండేది రెండోది. కెనాన్, హెచ్‌పీ మొదటి పద్ధతి పట్టుకున్నాయి, ఎప్సన్ రెండోది. మొదటి జాతి పుట్టుక కథ 1977 నాటిది. కెనాన్ ప్రయోగశాలలో కాలిన సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఇంకు నింపిన సిరంజి సూదికి పొరపాటున తగిలిందట, సూది మొనలోంచి ఇంకు చిమ్మిందట. సిరంజితో మొదలైన ఈ విద్య మళ్లీ సిరంజి దగ్గరికే ఎలా చేరిందో ముందు ముందు వస్తుంది.

ఈ రంధ్రాల్లో ఇంకు ఎండిపోవడమే తొంభై రోగాలకు మూలం. మన ఎండాకాలం, నెత్తిన ఫ్యాను, నెలకో పేజీ వాడకం: ఈ మూడూ కలిస్తే హెడ్ గడ్డకడుతుంది. దీనికి ప్రథమ చికిత్స ముందుచూపే. వారానికొకసారి అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ తీయాలి, తీయడానికి ఏమీ లేకపోయినా తీయాలి. అంటే పని కోసం ప్రింటర్ కొన్న మనిషి ప్రింటర్ కోసం పని వెతుక్కోవాలి. రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యమైనది. ప్రింటర్‌ను దాని సొంత బటన్‌తోనే ఆపాలి. అలా ఆపితే హెడ్ పక్కకు జరిగి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, గాలి తగలదు. గోడ స్విచ్ టక్కున ఆపేస్తే నోరు తెరుచుకుని నడిదారిలో ఆగిపోవచ్చు. పడుకోబోయే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ కట్టేసే పెద్దాయన పొదుపుపరుడే. ఆయన మిగిల్చిన కరెంటు ఎంతో, ఎండిన ఇంకు ఎంతో పక్కపక్కన రాసి చూపించే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు.

అక్షరాల మధ్య తెల్ల చారలు వస్తే ముందు నాజిల్ చెక్ పేజీ తీసి, ఏ రంగు తెగిందో చూడాలి. ఆ తర్వాత హెడ్ క్లీనింగ్. ఈ మాట వినగానే యంత్రం తనను తాను కడుక్కుంటుందని అనుకుంటారు. కడుక్కోవడం నిజమే, కాని ఇంకుతోనే. డబ్బాలోంచి ఇంకును బలంగా లాగి, రంధ్రాల గుండా పంపి, కిందికి పారబోస్తుంది. కొన్నాళ్లు పడుకుని లేచిన ప్రింటర్ ఎవరూ అడగకుండానే ఈ స్నానం చేస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నది మనుషుల గురించి పుట్టిన సామెతే గాని, పది పేజీలైనా తీయకుండా ఖాళీ అయిన డబ్బాకూ అచ్చంగా సరిపోతుంది. కాబట్టి క్లీనింగ్ రెండు మూడుసార్లకు మించకూడదు. అప్పటికీ చార పోకపోతే ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ చూడాలి. చాలాసార్లు తడి లోపలికి ఇంకి, మొండి రంధ్రం తెరుచుకుంటుంది. హెడ్ కార్ట్రిడ్జ్ అడుగునే ఉండే రకమైతే గోరువెచ్చని నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ మీద కాసేపు నిలబెట్టవచ్చు. హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉన్న రకానికి గుండుసూది వైద్యం చేస్తే కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది.

పారబోసిన ఇంకు ఎక్కడికి పోతుందన్నది తరచుగా ఎవరూ అడగని ప్రశ్న. అది ప్రింటర్ అడుగున పరిచిన దూది దిండులోకి పోతుంది. వేస్ట్ ఇంక్ ప్యాడ్ అంటారు. ప్యాడ్ నిండిందో లేదో ప్రింటర్ తడిమి చూడదు, లెక్క మాత్రం రాసుకుంటుంది. లెక్క నిండిన రోజున, మోటారు తిరుగుతున్నా, హెడ్ శుభ్రంగా ఉన్నా, సర్వీసుకు పంపమని చెప్పి పడుకుంటుంది. ఒక్క పేజీ కూడా తీయదు. ఎండకుండా కడగడం, కడిగితే నిండడం, నిండితే ఆగడం: జబ్బుకూ మందుకూ చావుకూ ఇంత చక్కని చుట్టరికం ఆయుర్వేదంలో కూడా లేదు. రిపేరు షాపుల్లో ప్యాడ్ కడిగి ఆరబెట్టి లేదా మార్చి, సాఫ్ట్‌వేర్‌తో ఆ లెక్కను సున్నా చేస్తారు. ప్యాడ్ ముట్టుకోకుండా లెక్క మాత్రమే సున్నా చేసే షాపులూ ఉన్నాయి. అలాంటి రిపేరు ఫలితం కొన్నాళ్లకు టేబుల్ గుడ్డ మీద కనిపిస్తుంది. కొత్త మోడళ్లు కొన్నిటిలో ఈ ప్యాడ్‌ను డబ్బాగా చేసి యజమానే మార్చుకునేలా పెట్టారు. వస్తువును ముందే చచ్చేలా తయారుచేయడాన్ని 2015లో నేరంగా ప్రకటించిన ఫ్రాన్స్‌లో, 2017లో ఒక వినియోగదారుల సంఘం నాలుగు ప్రింటర్ కంపెనీల మీద ఫిర్యాదు చేసింది. ఫిర్యాదులో ఈ ప్యాడ్ కూడా ఉంది.

ఇక మేత. ప్రింటర్‌తో పాటు పెట్టెలో వచ్చే డబ్బాల్లో తరచుగా ఇంకు తక్కువ పోస్తారు, కొత్త కోడలికి మొదటి రోజు వడ్డించినట్టు. మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉంటే, పసుపు ముందుగా అయిపోయినప్పుడు మిగతా రెండూ సహగమనం చేస్తాయి. కొన్ని మోడళ్లు నీలం లేదని నల్ల అక్షరం కూడా తీయవు. తెలుగువాడు దీనికి విరుగుడుగా సిరంజి పట్టాడు. కార్ట్రిడ్జ్ మీది స్టిక్కర్ ఊడదీసి, సన్నని కన్నంలోంచి మెల్లగా ఇంకు ఎక్కించాలి. ఏ కన్నం ఏ రంగుదో పుల్ల ముంచి చూడాలి, పొంగేదాకా పోయకూడదు. కాల్చే జాతికి ఇంకు పూర్తిగా అడుగంటకముందే నింపాలి, ఎందుకంటే హెడ్‌ను చల్లబరిచేది కూడా ఆ ఇంకే. నింపాక కంప్యూటర్ ఖాళీ అనే చూపిస్తుంది. అది డబ్బాలోకి చూసి చెప్పే మాట కాదు, పడిన చుక్కల లెక్క.

డబ్బా మీది చిప్ సంగతి వేరు. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని నిన్నటిదాకా తాగిన బయటి కంపెనీల కార్ట్రిడ్జ్‌లను, చిప్ తమది కాదంటూ, ఉన్నట్టుండి కాదన్నాయి. దీనికి డైనమిక్ సెక్యూరిటీ అని పేరు. ఈ భద్రత ఎవరికో పేరులో లేదు. వినియోగదారులకు సరిగా చెప్పలేదంటూ 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ కోటి యూరోల జరిమానా వేసింది.

కాగితం లాగకపోతే నేరం చాలావరకు రోలర్‌ది. దుమ్ము పట్టి నున్నబడిన రబ్బరును తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టు వస్తుంది. వానాకాలంలో కాగితాలు చెమ్మకు అతుక్కుంటాయి, పేకముక్కల్లా విదిల్చి పెట్టాలి. ఇరుక్కున్న కాగితాన్ని కరెంటు తీసి, రెండు చేతులతో, అది వెళ్లే దిక్కుకే లాగాలి. ట్రేలో జీడిపప్పు, పెన్ను మూత, బల్లి దొరకడం అసాధారణం కాదు. హెడ్ బండి ఒక పక్కకు పోయి గోడకు కొట్టుకుంటుంటే ఎన్‌కోడర్ స్ట్రిప్ చూడాలి. సన్నని గీతలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ అది, హెడ్ తానెక్కడుందో ఆ గీతలు లెక్కపెట్టి తెలుసుకుంటుంది. దాని మీద ఇంకు మరక పడితే దారి తప్పుతుంది. కాస్త తడిపిన గుడ్డతో, పట్టీ ఊడకుండా తుడిస్తే చాలు. మోటారు మార్చాలని చెప్పే మెకానిక్‌ను పిలిచే ముందు ఈ పని చేయడం ఆరోగ్యకరం.

సిరంజిల వాళ్లు, పక్కన సీసాలు కట్టి గొట్టాలు దూర్చిన వాళ్లు ఆసియా అంతటా పెరిగాక, 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో ట్యాంకు ప్రింటర్ తెచ్చింది. గొట్టాలు ఈసారి కంపెనీవే. యంత్రం ధర పెరిగింది, ఇంకు ధర దిగింది. హెడ్ మాత్రం ఎప్పటిలాగే ఎండుతుంది, వారానికో పేజీ అడుగుతుంది.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు చేరినప్పుడు పెంపకం ముగుస్తుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లూ కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి. నిబంధన ప్రకారం దాని గమ్యం నమోదైన రీసైక్లర్. ఆచారం ప్రకారం అటక. పవర్ వైరు మాత్రం కిందే ఉంచుకుంటారు, చాలా మోడళ్లది పాత టేప్‌రికార్డర్‌కు సరిపోతుంది.