వియత్పతన విశారదుడు

ప్రతి యూరికిని ఒక పంచాంగ పండితుడును, ఎన్నికల ఫలితములను ఆర్నెల్లు ముందుగనే లెక్కగట్టి చెప్పు రాజకీయ జ్యోతిష్కుడును, చలనచిత్రముల వసూళ్ళను నిర్మాతకంటె నిక్కముగా నెరిగిన సినీ గణకుడును ఉండుట లోకవిదితమే. శ్రీహరికోట నంటియున్న సముద్రమే తమ వాడరేవునకును సముద్రమైన కారణముచేత కాబోలు, చీరాలవారికి ఈ మువ్వురికి తోడుగా నాల్గవవాడొకడు లభించియున్నాడు. ఆకాశమున కెగసినవానిలో ఏది ఎప్పుడు, ఎచ్చట, ఎందువలన కూలెనో కంఠస్థము చేసి, రాత్రివేళ కంప్యూటరుమీద తానును కొన్నిటిని ఎగురవేసి కూల్చుకొని గాని నిద్రపోని యీ మహానుభావుని వియత్పతన విశారదుడని వ్యవహరించుట సముచితమని నా యభిప్రాయము. ఊరివారు మాత్రము 'రాకెట్టు బాబాయి' అని సరిపెట్టుకొందురు.

వృత్తిచే నితడు చీరల వర్తకుడు. తండ్రినాటి కొట్టు, నేలమీద తెల్లని పరుపు, గోడనిండ కుప్పడం చీరల మడతలు, మూలను జీఎస్టీ లెక్కల నిమిత్తము కొన్న కంప్యూటరు. చీరల బిల్లులు వ్రాయు యంత్రమునకు అంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు దేనికని ఆడిటరుగారు ఒకసారి సంశయింపగా, "బిల్లులు బరువెక్కినయ్యండీ" అని విశారదుడు తడుముకొనక సమాధానము చెప్పెను. ఆడిటరుగారు దానిని తరుగుదల క్రింద వ్రాసికొనిరి.

ఇతడీ శాస్త్రమున దిగుటకు మూలము అంగారక గ్రహము. 1999 సెప్టెంబరు 23న అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అన్ని కోట్ల మైళ్ళు క్షేమముగా పోయి, తీరా అంగారకుని చేరిన పిమ్మట నశించెను. నౌకకు దారి దిద్దు లెక్కలను ఒక పక్షమువారి సాఫ్ట్‌వేరు పౌండ్ల కొలతలో వ్రాసి పంపగా, రెండవ పక్షమువారు వానిని న్యూటన్లుగా గ్రహించిరట. గజములలో చెప్పిన గుడ్డను మీటర్లనుకొని కోసిన గుమాస్తాను అంతకు పూర్వమే మందలించియున్న మన వర్తకునకు ఈ వార్త చదివినంతనే నాసా సంస్థతో చెప్పరాని బాంధవ్య మేర్పడెను. "అంతటోళ్ళూ మనోళ్ళేనయ్యా!" అని ఆనాడు బజారంతయు తిరిగి చెప్పెనని పెద్దలందురు.

నాటినుండి అతని కొట్టులో చీర బేరమాడుట యనగా ఒక దుర్ఘటనా పురాణమును ఆలకించుటయే. అతనికి మిక్కిలి ప్రీతిపాత్రమైన కథ 1960 నవంబరు 21 నాటిది. అమెరికావారి మెర్క్యురీ-రెడ్‌స్టోన్ రాకెట్టు, మనుష్యులు లేని పరీక్షా ప్రయోగమున, నిప్పులు గ్రక్కుచు లేచి, సరిగా నాలుగంగుళములు పైకి పోయి, మనసు మార్చుకొని, మరల వేదికమీదనే కూర్చుండెను. ఊడవలసిన రెండు తీగలు ఒకదాని ముందొకటి తారుమారుగా ఊడుటయే కారణము. ఇంజను ఆగినదిగాన ప్రయాణము ముగిసినదని నౌక తలంచి, అపాయవేళ వ్యోమగామిని తప్పింపవలసిన శిఖరయంత్రమును ఒంటరిగా ఆకాశమునకు సాగనంపి, సముద్రమున దిగుటకై దాచియుంచిన పారాచూటులను శాస్త్రోక్తముగా విప్పి, రాకెట్టు ప్రక్కన వ్రేలాడవేసెను. నిండు ఇంధనముతో నిలిచియున్న ఆ గోపురము దరికి పోవుటకు ఎవ్వరికిని ధైర్యము చాలలేదు. తుపాకితో తొట్టెకు చిల్లు వేయుదమని కూడ ఒక సలహా వచ్చినది. కడకు బ్యాటరీలు వాటంతట నవి నీరసించువరకు మరునాటిదాక వేచియుండిరి. ఈ ఘట్టమును విశారదుడు అభినయపూర్వకముగా, పారాచూటునకు బదులు చేతనున్న చీరను విప్పి వ్రేలాడవేసి ప్రదర్శించును. అట్లు విప్పిన చీరను కొనక తప్పదేమోయను భయముతో లేచిపోయిన కొనుగోలుదారులును కలరు.

స్వదేశ విషయమున నితని జ్ఞానము భక్తితో కూడినది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణిని కక్ష్యలో నిలిపిన సంగతి నెరిగినవారు పలువురు. 1979 ఆగస్టు 10న దాని అగ్రజుడు రెండవ దశలో అదుపుతప్పి, 317 సెకండ్లలో బంగాళాఖాతమున మునిగినదని యెరిగినవారు కొలదిమంది. ఆనాడు పత్రికలవారి యెదుటికి తానై వచ్చి బాధ్యత వహించిన సతీశ్ ధావన్‌గారు, మరుసటి యేట జయము లభించినప్పుడు అబ్దుల్ కలాంగారిని ముందునకు పంపిరని చెప్పునప్పుడు ఇతని కంఠము కొంచెము గద్గదమగును. కొట్టులోని లక్ష్మీదేవి క్యాలెండరుమీద ఆగస్టు 10కిని, 1993లో తొలి పి.ఎస్.ఎల్.వి. కూలిన సెప్టెంబరు 20కిని, నాలుగు బూస్టర్లలో ఒకటి మొరాయించినందున జి.ఎస్.ఎల్.వి. నింగిలోనే తునుకలైన 2006 నాటి జూలై 10కిని ఎఱ్ఱసిరాతో గుండ్రములు చుట్టియుండును. అవి అప్పుల వాయిదాలని భ్రమించి, ఆ తేదీలలో సొమ్ము తప్పక ముట్టునని యాశపడి వచ్చిన నూలు వ్యాపారులకు కాఫీయు, ఉపన్యాసమును మాత్రమే ముట్టినవి.

ఇతని నిజమైన కష్టకాలము విజయము. 2023 ఆగస్టు 23 సాయంకాలము విక్రముడు చంద్రునిపై దిగగా బజారంతట బాణసంచా మ్రోగుచుండ, మిఠాయి పంచుచునే ఇతడు అన్యమనస్కుడై యుండెను. సంతోషము లేక కాదు. చక్కగా దిగినదానిని గూర్చి చెప్పుటకేమున్నది? తుద కొక యూరట చిక్కినది: ఈ పర్యాయము ఏమేమి చెడగలదో ముందుగా నెంచి నౌకను నిర్మించితిమని నాటి ఇస్రో అధిపతి సోమనాథ్‌గారు చెప్పియుండిరిగదా! "చూశారా, రెండువేల పంతొమ్మిదిలో పడబట్టే ఇప్పుడు దిగింది" అని ఆ రాత్రి పదిమందికి చెప్పి గాని అన్నము తినలేదు.

2021 జూలై 11న గుంటూరు సీమకు చెందిన శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఎగసి వచ్చిననాడు మాత్రము వాతపడుట కొంచెములో తప్పినది. అందరును మురియుచుండగా, ఆ నౌక పోయినది ఎనుబదియారు కిలోమీటర్లే గనుక, నూరు కిలోమీటర్ల గీటు ప్రకారము దానిని అంతరిక్షమనవచ్చునా యని ఇతడొక ధర్మసందేహమును లేవదీసెను. తెనాలినుండి చీరలకై వచ్చిన పెద్దామె యొకతె, "ముందు మా ఊరి ఓవర్ బ్రిడ్జి ఎనభయ్యారు మెట్లు నువ్వు రొప్పకుండా ఎక్కు నాయనా, తర్వాత ఆ పిల్ల సంగతి చూద్దాం" అనెను. విశారదుడు వెంటనే అమెరికావారి లెక్క ఎనుబదియే యని ఒప్పుకొని, చీరకు నూరు రూపాయలు తగ్గించెను.

రాత్రి యెనిమిదిన్నరకు తలుపులు మూయగానే ఇతడు కెర్బల్ స్పేస్ ప్రోగ్రాము తెరచును. మెక్సికో నగరమున స్క్వాడ్ అను సంస్థవారు నిర్మించి, 2015లో సంపూర్ణముగా వెలువరించిన యీ క్రీడయందు పచ్చని బుడతలు రాకెట్లు కట్టుకొని పైకి పోదురు, పడుదురు, మరల కట్టుకొందురు. కక్ష్యా గణితము సత్యమైనది, తక్కినదెల్ల వేళాకోళము. కొన్ని విడిభాగములకు తయారీదారు పేరుండవలసిన తావున, అవి త్రోవప్రక్కన పడియుండగా దొరికినవని వ్రాసియుండును. గాయపడిన అపోలో-13ను ఇల్లు చేర్చిన నియంత్రణాధికారి జీన్ క్రాంజ్‌ను తలపించుచు, కార్యాలయమున జీన్ కెర్మన్ అనువాడు కూర్చుండును. డూనా యను ఎఱ్ఱగ్రహముమీద, 1976లో వైకింగ్ పంపిన ఛాయాచిత్రమున లోకులు చూచిన 'అంగారకుని ముఖము' చెక్కియుండును. తొలినాళ్ళలో ప్రోగ్రాములోని లోపము నౌకలను అకారణముగా చీల్చివేయుచుండగా ఆటగాండ్రు దానికి క్రాకెన్ అను సముద్రభూతము పేరు పెట్టిరి. నిర్మాతలు తప్పును దాచుటకు మారుగా, బాప్ అను ఉపగ్రహముమీద ఆ భూతపు కళేబరమునే పరుండబెట్టిరి. తన తప్పునకు తానే శిలావిగ్రహము నెత్తించుకొన్న వర్తకుని నేనింతవరకు చూచి యెరుగను.

ఈ గూఢార్థములను కనుగొన్నప్పటి యానందమును పంచుకొనుటకు ఇంటిలో భార్య తప్ప వేరెవరును లేకపోవుట విశారదుని దౌర్భాగ్యము. ఆట చంద్రునిమీద ఒక మూల, 2012లో స్వర్గస్థుడైన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు స్మారకము కలదు. అర్ధరాత్రి దాటినవేళ అది కంటబడగా ఇతడు వేసిన కేకకు ఆ యిల్లాలు తల ముడివైచుకొనుచు వచ్చి తెరవంక చూచెను.

"ఎవరిదండీ ఆ సమాధి?"

"సమాధి కాదే, గుర్తు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగని, చంద్రుడి మీద మొదట కాలు పెట్టినాయన."

"పోయాడా?"

"పోయి చాలా ఏళ్ళయింది."

"మనకు మైలేమన్నా ఉందా?"

"మనకెందుకుంటుంది?"

"అయితే పడుకోండి. రేపు లగ్గాల బేరాలు."

ఇతని స్వభావమున ఒక్క విషయము చెప్పకపోవుట న్యాయము కాదు. ఇంత దుర్ఘటనా రసికుడును 2003 ఫిబ్రవరి 1 ప్రస్తావన వచ్చినప్పుడు కథ చెప్పడు. కొలంబియా పేరును, కల్పనా చావ్లా పేరును పలికి, గజపుబద్దను సర్దుకొనును. ఆటలోని బుడతలు మరల పుట్టుదురని యెరిగియు, మొదట ఉత్త నౌకను పంపి, అది క్షేమముగా దిగిన పిమ్మటనే వారిని ఎక్కించును. 2023 అక్టోబరు 21న గగనయాన్ తప్పింపు పరీక్ష, ఇక అయిదే సెకండ్లున్నదనగా కంప్యూటరు ఆపివేయగా, టీవీ ముందున్న యువకులు ఉసూరుమనిరి. ఇతడొక్కడే చప్పట్లు కొట్టెను. కారణము వెదకి సరిచేసి పది గంటలకు ప్రయోగించినప్పుడు, అప్పటికే బేరమునకు కూర్చున్నవాడయ్యును, మరల లేచి కొట్టెను.

కావున, పెండ్లిచీరలకై చీరాల పోవు పాఠకులకు నా మనవి యొక్కటే. శ్రీహరికోటనుండి ఏదైనను ఎగురు దినమున ఆ కొట్టు మెట్లెక్కకుడు. ఎక్కితిరా, మధ్యాహ్న భోజనము సంగతి మరువుడు. తక్కిన దినములలో నిస్సంశయముగా పోవచ్చును. చీర నేత గట్టిది, రంగు నిలుచును, ధర న్యాయమైనది. కొలత మాత్రము అతడు రెండుమార్లు చూచి, మీచేత మూడవమారు చూపించును.